వాయిదా లేని లెక్క

పీటీఆర్ బై హండ్రెడ్. అసలును కాలంతో, రేటుతో హెచ్చించి వందతో భాగిస్తే బారువడ్డీ. పల్నాడు పల్లెల్లో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి నేను. ఈ సూత్రం బోర్డు మీద రాయకుండా గడిచిన విద్యా సంవత్సరం నా ఉద్యోగంలో లేదు. దీన్నే నమ్ముకుని, నా దగ్గర చదువుకున్న ఒక కుర్రాడికి తప్పుడు సలహా ఇచ్చాను. వాడు నష్టపోయాడు. నేను చెప్పబట్టే నష్టపోయాడు. ఈ సంగతి ఇంతకాలం మా ఇంట్లోవాళ్ళకూ, మరొకరిద్దరికీ తప్ప ఎవరికీ చెప్పలేదు. బడిలో డబ్బు గురించి నేర్పాలా, నేర్పితే ఏ తరగతిలో, ఎవరు నేర్పాలి అన్న చర్చ వచ్చినప్పుడల్లా నాకు వాడి ముఖమే గుర్తొస్తుంది. అందుకే చెబుతున్నాను.

వాడు పదో తరగతితో చదువు ఆపేసి అద్దె ఆటో నడుపుతుండేవాడు. 2016లో సొంత ఆటో కొనుక్కుందామనుకున్నాడు. చేతిలో ఉన్నది పోను రెండు లక్షలు తక్కువ పడింది. బ్యాంకులో ముద్ర రుణం అడిగితే 12 శాతం వడ్డీ అన్నారట. పక్క పట్నంలో ఒక ఫైనాన్స్ కంపెనీవాళ్ళు 10 శాతమేనన్నారట. ఎక్కడైనా మూడేళ్ళలో తీర్చాలి. "ఏది తీసుకోమంటారు సార్?" అని నా దగ్గరికి వచ్చాడు. ఊళ్ళో లెక్కలు తెలిసినవాడంటే నేనే గదా.

అక్కడే కాగితం తీసుకుని లెక్క కట్టాను. రెండు లక్షలకు 12 శాతం చొప్పున మూడేళ్ళకు 72,000. 10 శాతం చొప్పున 60,000. "పన్నెండు వేలు మిగులుతాయి, ఫైనాన్స్‌లోనే తీసుకో, బ్యాంకు చుట్టూ తిరిగే పని కూడా తప్పుతుంది" అన్నాను. హెచ్చవేతలో తప్పు లేదు, తీసివేతలో తప్పు లేదు. పరీక్షలో ఏ పిల్లవాడైనా ఆ సమాధానం రాస్తే పూర్తి మార్కులు వేసేవాణ్ణి. వాడు కళ్ళకద్దుకున్నంత పని చేసి ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకెళ్ళాడు.

"రెండు చోట్లా నెలకు ఎంత కట్టమంటారో కనుక్కుని రా" అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. ఆ మాట నాకు తట్టలేదు. ఫైనాన్స్ కంపెనీకి వాడు నెలకు 7,222 రూపాయలు కట్టాడు. అదే అప్పును బ్యాంకులో 12 శాతానికి తీసుకుని ఉంటే నెలకు 6,643 కడితే తీరిపోయేది. 36 నెలలకు తేడా దాదాపు 21 వేలు. వడ్డీ రేటు ఎక్కువ ఉన్నచోట కట్టవలసింది తక్కువ, రేటు తక్కువ ఉన్నచోట ఎక్కువ. ఇదెలా సాధ్యమో నాకు రెండేళ్ళ దాకా తెలియలేదు.

2018లో వాడు మళ్ళీ వచ్చాడు. చెల్లెలి పెళ్ళికి ముందే ఈ అప్పు వదిలించుకుందామనుకున్నాడు. 24 వాయిదాలు కట్టేశాడు. మూడింట రెండు వంతులు తీరిపోయింది కాబట్టి అసలు 66,667 మిగులుతుందని వాడి లెక్క. అది నా లెక్క కూడా. కంపెనీవాళ్ళు మాత్రం 79 వేలకు దగ్గరగా చెప్పారు. ముందే కట్టేస్తున్నందుకు రుసుము వేరే. నాకు విపరీతమైన కోపం వచ్చింది. చదువురానివాణ్ణి చేసి మోసం చేస్తున్నారనుకున్నాను. పోట్లాడటానికి లెక్క చేతిలో ఉండాలి గదా అని ఆ రాత్రి తెల్లకాగితాల మీద నెల నెలకూ గళ్ళు గీసుకుని కూర్చున్నాను.

36వ నెల గడి దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయింది. రెండు లక్షల్ని 36తో భాగిస్తే వాయిదాకు 5,556 అసలు పోతుంది. అంటే చివరి నెలలో వాడి దగ్గర మిగిలి ఉన్న అప్పు 5,556 రూపాయలు. ఆ నెలకు కూడా కంపెనీ వేసిన వడ్డీ 1,667. అయిదున్నర వేల మీద ఒక్క నెలకు 1,667! మొదటి నెలలో రెండు లక్షలు వాడి దగ్గర ఉన్నప్పుడూ అదే వడ్డీ, చివరి నెలలో అయిదున్నర వేలు ఉన్నప్పుడూ అదే వడ్డీ. తీర్చేసిన డబ్బుకు కూడా వాడు గడువు ముగిసేదాకా వడ్డీ కడుతూనే ఉండాలి. దీన్ని వ్యాపారంలో ఫ్లాట్ రేటు అంటారు. బ్యాంకువాళ్ళు చెప్పిన 12 శాతం, ఇంకా బాకీ ఉన్న అసలు మీద మాత్రమే వేసేది. ఆ పద్ధతిలోకి మార్చి చూస్తే కంపెనీ చెప్పిన 10 శాతం ఏడాదికి దాదాపు 18 శాతమవుతుంది. 18 శాతమంటే మా ఊళ్ళో రూపాయిన్నర వడ్డీ. నూటికి నెలకు రూపాయిన్నర. ఆ వడ్డీకి తెచ్చుకున్నామంటే ఇంట్లో ఆడవాళ్ళు తిట్టిపోస్తారు. దాన్నే పది శాతం చవక అని చెప్పి పంపించాను నేను.

కంపెనీవాళ్ళు అడిగిన 79 వేలు కూడా వాళ్ళ పద్ధతిలో సరిపోయింది. బాకీ లెక్కకు మాత్రం వాళ్ళు ఆ 18 శాతం పద్ధతే వాడి, తొలి వాయిదాల్లో వడ్డీ ఎక్కువ, అసలు తక్కువ జమ వేసుకుంటారు. కాబట్టి మధ్యలో తీర్చబోతే మిగిలిన అసలు మనం అనుకున్నదానికంటే ఎక్కువ ఉంటుంది. వాళ్ళ కాగితంలో అంతా రాసి ఉంది. సంతకం పెట్టిన వాడికీ, పెట్టమన్న నాకూ చదవడం రాలేదు.

మర్నాడు వాడి స్టాండుకు వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వాడు నన్ను పల్లెత్తు మాట అనలేదు. "మీకు తెలియక చెప్పారు గదా సార్, పోనీండి" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. నా వల్ల వాడికి పోయే 21 వేలు వాడు దాదాపు మూడు వాయిదాలకు కట్టే సొమ్ము. అందులో కొంత నేను ఇవ్వబోతే తీసుకోలేదు.

అప్పుడు పాఠ్యపుస్తకం ముందు వేసుకుని వడ్డీ అధ్యాయం మళ్ళీ చదివాను. ఏడాది ఏడాదీ చెప్పిన పాఠమే. రాము 5,000 రూపాయలు 8 శాతానికి అప్పు తీసుకుంటాడు, మూడేళ్ళ తర్వాత మొత్తం ఎంత చెల్లిస్తాడు? నేను చెప్పిన ప్రతి లెక్కలోనూ అప్పు తీసుకున్నవాడు గడువు ముగిసే రోజున ఒక్కసారిగా వచ్చి అసలూ వడ్డీ చేతిలో పెట్టి వెళతాడు. మధ్యలో ఒక్క రూపాయి కట్టడు. అందుకే అసలు మొదటి నుంచి చివరి దాకా కదలకుండా ఉంటుంది, అందుకే పీటీఆర్ బై హండ్రెడ్ సరిపోతుంది. మా ఊళ్ళో అలా అప్పు తీర్చే మనిషి ఎవరున్నారు? ఫ్రిజ్జు, ఫోను, ఆటో, ఇల్లు, డ్వాక్రా అప్పు, అన్నీ వాయిదాలే. బతుకులో ఉన్న అప్పుకు వాయిదా ఉంది, నా పాఠంలో లేదు. ఈ తేడా కళ్ళబడకుండా ఉద్యోగమంతా చేశాను. చక్రవడ్డీ సూత్రాన్ని ఎంత శ్రద్ధగా కంఠతా పట్టించానో తలచుకుంటే మనసు కష్టంగా ఉంటుంది. తప్పు సూత్రానిది కాదు. దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో పిల్లలకు నేను చెప్పలేదు. నాకే తెలియదు కాబట్టి.

నెలకూ ఏడాదికీ ఉన్న ముడి కూడా అలాంటిదే. పుస్తకం ఏడాదికి ఇంత శాతం అంటుంది. ఊరు నూటికి నెలకు ఇన్ని రూపాయలు అంటుంది. 2004లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం మహిళా సంఘాలకు పెట్టిన పథకం పేరే పావలా వడ్డీ. నూటికి నెలకు పావలా, అంటే ఏడాదికి 3 శాతం. పిల్లల తల్లులంతా ఆ భాషలోనే అప్పులు తెచ్చి తీర్చారు. నా తరగతిలో మాత్రం "రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి ఎంత శాతం?" అన్న ప్రశ్న ఎప్పుడూ వినపడలేదు. ఇంట్లో వినే వడ్డీ ఒకటి, బళ్ళో చదివే వడ్డీ మరొకటి. రెండూ ఒకటేనని చెప్పవలసినవాణ్ణి నేనే.

తప్పు దిద్దుకుందామని తొందరపడి ఇంకో తప్పు చేశాను. ఇది మొదటిదానికంటే ఎక్కువ బాధపెట్టింది. ఎనిమిదో తరగతి పిల్లలకు వడ్డీ పాఠం చెబుతూ "రేపు మీ ఇళ్ళలో ఉన్న అప్పు కాగితాలు తీసుకురండి, అందరం కలిసి చదువుదాం" అన్నాను. తెచ్చారు. బంగారం తాకట్టు రసీదులు, చీటీ పాస్‌పుస్తకాలు, ఒక ప్రామిసరీ నోటు నకలు. ఆ నోటు తెచ్చిన అమ్మాయి తండ్రి పేరు, బాకీ మొత్తం నేను గట్టిగా చదివాను. నోటుకు మూడేళ్ళ కాలదోషం ఉంటుందనీ, అందుకే గడువు దాటేలోపు వడ్డీని అసల్లో కలిపి కొత్త నోటు రాయించుకుంటారనీ, చక్రవడ్డీ అంటే ఇదేననీ ఉత్సాహంగా వివరించాను. పాఠం బాగా చెప్పాననే అనుకున్నాను. ఆ అమ్మాయి తల వంచుకుని కూర్చున్నది నేను గమనించలేదు. మర్నాడు బడికి రాలేదు. ఆ తర్వాత రోజు వాళ్ళమ్మ వచ్చింది.

"మా ఇంటి అప్పు పిల్లకాయలందరి ముందూ చదవటం మీకు న్యాయమేనా సార్?" అంది. నా దగ్గర జవాబు లేదు. క్షమించమని అడిగాను. ఎందుకు చేశానో, ఆటో కుర్రాడి సంగతితో సహా చెప్పాను. ఆమె కాసేపు విని, "మా సంఘంలో కట్టేకొద్దీ వడ్డీ తగ్గుద్ది కదా సార్, అసలు తగ్గినాక కూడా అదే వడ్డీ ఎందుకు కట్టాల?" అంది. ఆమె డ్వాక్రా సంఘంలో రెండో లీడరు. పుస్తకాలు రాసేది ఆమే. నేను ఒక రాత్రంతా గళ్ళు గీసి కనుక్కున్నది ఆమెకు నెలవారీ సమావేశాల్లోనే అలవాటైపోయింది. అమ్మాయి ఒప్పుకుంటేనే అనే షరతు మీద ఆమెను తరగతికి రమ్మన్నాను. ఎవరి పేర్లూ లేకుండా ఒక సంఘం పుస్తకం ఎలా రాస్తారో బోర్డు మీద చూపించింది. పిల్లలు నన్ను అడగని ప్రశ్నలు ఆమెను అడిగారు.

అప్పటి నుంచి నా అభిప్రాయం ఒకటే. డబ్బు పాఠానికి కాగితం కావాలి, కానీ అది పిల్లల ఇంటి కాగితం కాకూడదు. పాఠ్యపుస్తకమే నమూనా కాగితాలు అచ్చువేసి ఇవ్వాలి. ఊరూ పేరూ లేని ఒక ప్రామిసరీ నోటు, ఒక చీటీ ఒప్పందం, ఒక తాకట్టు రసీదు, ఒక వాయిదాల పట్టిక. పేదరికాన్ని బయటపెట్టి నేర్పే చదువు చదువు కాదు.

హామీ సంతకం గురించి కూడా చెప్పాలి. మా తెలుగు ప్రాంతాల్లో ప్రభుత్వ టీచరంటే చీటీ పాడుకున్నవాళ్ళకు షూరిటీ సంతకం పెట్టే మనిషి. నేనూ ఒక తోటి ఉద్యోగికి పెట్టాను, చదవకుండానే. ఆయన వాయిదాలు ఆపేశాడు, నా జీతంలోంచి కోత పడింది. ముందు ఆయన దగ్గర వసూలుకు ప్రయత్నించి, కుదరకపోతేనే నా దగ్గరికి రావాలని నా నమ్మకం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ అలా చెప్పదు. ఒప్పందంలో వేరే రాసుకోకపోతే అసలు బాకీదారుకు ఎంత బాధ్యత ఉందో హామీదారుకూ అంతే ఉంటుంది. ఒక్క వాక్యం. పదో తరగతి పిల్లవాడికి అయిదు నిమిషాల్లో చెప్పవచ్చు. నాకు ఏ తరగతిలోనూ ఎవరూ చెప్పలేదు. పొదుపు గురించి మాత్రం బోలెడు చెప్పారు. సంచయిక పేరుతో బళ్ళో చిల్లర దాచుకున్నాం, పొదుపు మీద వ్యాసాలు రాశాం. పొదుపు మంచిదే. కానీ మా పిల్లల ఇళ్ళలో డబ్బు చేజారేది దాచుకోవడం తెలియక కాదు. సంతకం పెట్టే చోట చేజారిపోతుంది.

దేశంలో డబ్బు గురించి నేర్పే పని అసలు జరగడం లేదనను. రిజర్వు బ్యాంకు, సెబీ, బీమా, పింఛను నియంత్రణ సంస్థలు కలిసి ఆర్థిక విద్యకు ఒక జాతీయ కేంద్రాన్ని పెట్టాయి. ఆ కేంద్రం 2019లో చేయించిన సర్వేలో ఆర్థిక అక్షరాస్యత ఉన్న పెద్దవాళ్ళు 27 శాతమని తేలింది. సీబీఎస్ఈతో కలిసి ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా అభ్యాస పుస్తకాలు తెచ్చింది, టీచర్లకు శిక్షణ తరగతులూ పెడుతుంది. మంచి ప్రయత్నాలే. అయితే విడి పుస్తకంగా, విడి పోటీ పరీక్షగా వచ్చినది మా లాంటి బడుల్లో బీరువాలోకి పోతుంది. సిలబస్ పూర్తి చేయాలి, పదో తరగతి ఫలితాలు చూపించాలి. లెక్కల పుస్తకంలో, వడ్డీ అధ్యాయంలోనే ఉంటే తప్ప ఏ మాస్టారూ దానికి పీరియడు ఇవ్వలేడు. నేనూ ఇచ్చి ఉండేవాణ్ణి కాదు.

2020 జాతీయ విద్యా విధానం ఆర్థిక అక్షరాస్యతను వయోజన విద్య అధ్యాయంలో జీవన నైపుణ్యాల్లో చేర్చింది. వయోజనులకు కావలసిందే. కానీ మా ఆటో కుర్రాడు బడి వదిలిన కొన్నేళ్ళకే రెండు లక్షల కాగితం మీద సంతకం పెట్టాడు. పదో తరగతితో ఆగిపోయే పిల్లలకు ఈ చదువు పదో తరగతి లోపే అందాలి. ఇంటర్లో కామర్స్ తీసుకున్నవాళ్ళకే చెబితే ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళకే అందకుండా పోతుంది.

నాకు ఒక భయం కూడా ఉంది. ఈ చదువు వచ్చాక, అప్పులపాలైనవాణ్ణి "నీకు నేర్పారు గదా, నీదే తప్పు" అనడం మొదలవుతుందేమో! 2020 చివర్లో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్ళలో చదువుకున్న యువకులున్నారు. అయిదు వేల అప్పులో పదిహేను వందలు ముందే కోసుకుని మూడున్నర వేలు చేతికిచ్చి, వారంలో అయిదు వేలు కట్టమంటే అది ఏడు రోజులకు దాదాపు 43 శాతం వడ్డీ. ఆ లెక్క తెలిసినా, ఇంట్లో జబ్బు మనిషి ఉన్నప్పుడు తీసుకోక తప్పని స్థితి ఉంటుంది. చట్టం, బ్యాంకు, ప్రభుత్వం చేయవలసిన పనిని ఎనిమిదో తరగతి పిల్లల నెత్తిన పెట్టకూడదు. అలాగే బ్యాంకులవాళ్ళో బీమావాళ్ళో బడికి వచ్చి తమ పథకాలు వివరించి పోవడాన్ని పాఠం అనకూడదు. పాఠం టీచరే చెప్పాలి, ముందుగా టీచరే నేర్చుకోవాలి.

నియంత్రణ సంస్థ తన వంతు పని కొంత చేసింది. 2024 అక్టోబర్ 1 నుంచి మంజూరైన రిటైల్ రుణాలకూ, చిన్న పరిశ్రమల రుణాలకూ బ్యాంకైనా ఫైనాన్స్ కంపెనీ అయినా కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. రుసుములన్నీ కలుపుకుని ఏడాదికి అసలు ఎంత శాతం పడుతుందో అందులో ఉండాలి. దాన్ని ఏపీఆర్ అంటారు. అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో రాయాలి, వివరించాలి. 2016లో ఈ కాగితం మా వాడి చేతికి వచ్చి ఉంటే 10 పక్కన 18 కనబడేది. ఇప్పుడు మన పిల్లలకు ఆ కాగితం తెలుగులో అడిగే హక్కు ఉంది. అలాంటిదొకటి ఉందని ఏ తరగతిలో చెబుతున్నాం?

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎస్‌సీఈఆర్‌టీ పెద్దలకు నా విన్నపం ఇది. కొత్త సబ్జెక్టు పెట్టవద్దు, కొత్త పరీక్ష పెట్టవద్దు. ఎనిమిదో తరగతి వడ్డీ అధ్యాయంలో ఒక వాయిదాల పట్టిక చేర్చండి. నెలకు నూటికి రూపాయల్లో చెప్పే వడ్డీని ఏడాది శాతంలోకి మార్చే లెక్కలు నాలుగు ఇవ్వండి. పదో తరగతి సాంఘిక శాస్త్రంలో ఒక నమూనా నోటు, హామీ పత్రం, కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అచ్చువేయండి. బీఈడీ చదివేవాళ్ళకూ ఇదే నేర్పండి.

తోటి లెక్కల మాస్టార్లను కూడా ఒకటి అడుగుతున్నాను. పుస్తకం మారేదాకా ఆగకండి. ఈ ఏడాది వడ్డీ పాఠం అయిపోయాక ఒక్క పీరియడు తీసుకుని రెండు లక్షలు, 10 శాతం, 36 నెలల పట్టిక బోర్డు మీద వేయండి. చివరి గడిలో 5,556 అసలుకు 1,667 వడ్డీ ఎందుకు పడిందో పిల్లల చేతే చెప్పించండి. ఎవరు అప్పు ఇస్తామన్నా "నెలకు ఎంత, ఎన్ని నెలలు, మొత్తం ఎంత, ఏపీఆర్ ఎంత?" అని అడగమని రాయించండి. నా శిష్యుడికి నేను చెప్పనిది మీ పిల్లలకు మీరు చెప్పండి.